పీటీజెడ్ యూఎస్‌బీ కెమెరాను కంప్యూటర్ నుంచి తిప్పే ముందు

పీటీజెడ్ అంటే మోటార్లతో పక్కలకు (ప్యాన్), పైకీ కిందికీ (టిల్ట్) తిరుగుతూ, దగ్గరగా (జూమ్) చూపే కెమెరా. ముందు కేబుల్ చూడండి. కెమెరా తల ఆ చివర నుంచి ఈ చివరకు చేత్తో కాదు, రిమోట్‌తో తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని కళ్లారా చూసుకోండి. మా అక్క కూతురి పెళ్లి లైవ్‌లో తలంబ్రాల వేళ కెమెరా పక్కకు తిరగబోయి, స్టాండు కాలికి చుట్టిన వైరు లాగి, ఫ్రేమంతా పందిరి గుంజే కనిపించింది. అమెరికాలో ఉన్న అన్నయ్య ఆ నిమిషం చూడలేకపోయాడు. ఇప్పటికీ బాధే.

☐ యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. కెమెరాకు విడిగా అడాప్టర్ ఉంటే అదే పెట్టండి. మోటార్లకు కరెంటు చాలకపోతే కనెక్షన్ మధ్యలో తెగుతుంది.

☐ లైనక్స్ అయితే వీ4ఎల్2-సీటీఎల్ (v4l2-ctl) అనే కమాండ్‌తో కంట్రోళ్ల జాబితా తీసి, ప్యాన్, టిల్ట్, జూమ్ కనిష్ఠ, గరిష్ఠ విలువలు కాగితం మీద రాసుకోండి. ఇక్కడే చాలామంది తడబడతారు: ప్యాన్, టిల్ట్ విలువలు డిగ్రీల్లో ఉండవు, ఆర్క్ సెకన్లలో ఉంటాయి. ఒక డిగ్రీకి 3600. 10 డిగ్రీలు తిప్పాలంటే 36000 ఇవ్వాలి. 10 అని ఇస్తే కెమెరా కదలదు, పాడైందని టెన్షన్ పడతాం.

☐ మోటారు లేని కొన్ని వెబ్‌క్యామ్‌లూ ప్యాన్ చూపిస్తాయి. అది జూమ్ చేసిన చిత్రంలోనే జరుగుతుంది, కాబట్టి ముందు జూమ్ పెంచండి.

☐ ఒక్క కెమెరాకే రెండు వీడియో పరికరాలు కనిపించవచ్చు. ప్యాన్, టిల్ట్ కంట్రోళ్లు ఉన్నదేదో తేల్చుకోండి.

☐ తల తిరుగుతుంటే చేత్తో ఆపకండి. గేర్లు దెబ్బతింటాయి.