మెదడులో రక్తనాళపు బుడగ పగిలినప్పుడు: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు చేయవలసినవి

మెదడుకు రక్తాన్ని తీసుకుపోయే ధమని గోడ ఒకచోట పలుచబడి, సైకిల్ ట్యూబు బలహీనపడిన చోట ఉబ్బినట్లు ఉబ్బితే, దానిని అన్యూరిజం అంటారు. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది. వారిలో చాలామందికి అది ఎన్నడూ పగలదు, ఉన్నదన్న సంగతి కూడా తెలియదు. పగిలినప్పుడు మాత్రం రక్తం మెదడును చుట్టి ఉన్న పొరల మధ్యకు చిమ్ముతుంది. పక్షవాతాలన్నింటిలో ఈ రకం నూటికి అయిదు వరకే ఉన్నా, సంపాదించే వయసులో, ఇల్లు నడిపే వయసులో ఉన్నవారిని పట్టుకుంటుంది కాబట్టి, ఇది పడగొట్టే కుటుంబాల బాధ ఆ లెక్కకు అందదు.

మొదటి రక్తస్రావాన్ని ఎవరూ ఆపలేరు, ఎందుకంటే అది ముందే జరిగిపోయి ఉంటుంది. కానీ పగిలిన చోటే మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లో, అందులోనూ తొలి కొన్ని గంటల్లో, అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది, అలా రెండోసారి పగిలితే బతికే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఇంట్లో, అంబులెన్సులో, ఆసుపత్రిలో చేసే ప్రతి పనిని ఆ రెండో రక్తస్రావానికి సందు ఇవ్వకూడదన్న ఒక్క లక్ష్యంతోనే చేయాలి.

ఇంట్లో గుర్తించడం

పత్తి ఏరుతున్న మనిషి, బోరు మోటారు వేయబోతున్న మనిషి ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడి, జీవితంలో ఎన్నడూ ఇంత నొప్పి చూడలేదని అంటే, ఆ మాటను తేలికగా తీసుకోకూడదు. ఈ నొప్పి మెల్లగా పెరగదు; క్షణాల్లో, సాధారణంగా ఒక నిమిషంలోపే, తారస్థాయికి చేరుతుంది. దానితోపాటు వాంతులు, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, కాసేపు స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం ఉండవచ్చు. ఒక కనురెప్ప వాలిపోయి ఆ కంటిపాప పెద్దదైతే అది మరింత స్పష్టమైన హెచ్చరిక. కాలు చేయి పడిపోలేదు కదా, ఇది పక్షవాతం కాదులే అని ఆగిపోకండి, ఎందుకంటే ఈ రకంలో మొదట కాలు చేయి బాగానే పనిచేయవచ్చు. కొందరిలో అసలు దెబ్బకు కొన్ని రోజుల ముందు చిన్న రక్తస్రావం వల్ల ఇలాంటి నొప్పే ఒకసారి వచ్చి తగ్గుతుంది. అలా తగ్గిన నొప్పి గురించి కూడా అదే రోజు వైద్యునికి చెప్పాలి.

వెంటనే 108కు ఫోన్ చేసి, నొప్పి మొదలైన సమయాన్ని కాగితం మీద రాసుకోండి. తరువాత చేసే పరీక్షల అర్థం ఆ సమయాన్ని బట్టే తేలుతుంది. స్పృహ లేకున్నా, వాంతులు అవుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నీళ్లు, నిమ్మరసం, గోలీలు నోట్లో పోయకండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళపు చెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం చేయకుండా, తలకు దెబ్బ తగలకుండా మాత్రం చూడండి. ముక్కులో, చెవిలో పసరు పోసే చోటికి తీసుకుపోతే పోయేది విలువైన తొలి గంటలే.

ఇక్కడ మన పల్లెల్లో ఎక్కువగా జరిగే ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. పక్షవాతమనగానే ఎవరో ఒకరు ఆస్పిరిన్ గోలీ ఇస్తారు, లేదా ఆర్ఎంపీ దగ్గర నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయిస్తారు. నాళంలో గడ్డ అడ్డుపడిన పక్షవాతానికి ఆస్పిరిన్ వాడతారు గాని, అది కూడా స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలిన తరువాతే; పగిలిన నాళానికి ఈ రెండూ హాని చేస్తాయి, ఎందుకంటే అవి రక్తం గడ్డకట్టే శక్తిని తగ్గిస్తాయి. ఇంట్లో బీపీ చూసి, ఎక్కువగా ఉందని నాలుక కింద మందు పెట్టడం కూడా ప్రమాదమే: ఒక్కసారిగా బీపీ పడిపోతే ఉన్న కాస్త రక్తం కూడా మెదడుకు అందదు. రోగి రోజూ వేసుకునే గోలీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందు వాడుతున్నట్లయితే ఆ మాట అందరికన్నా ముందు డాక్టరుతో చెప్పండి, ఎందుకంటే దాని ప్రభావాన్ని తగ్గించే చికిత్స వెంటనే మొదలుపెట్టవలసి ఉంటుంది.

స్కాన్, ఆపై హైదరాబాదు

మొదట చేరవలసింది ఆ వేళకు సీటీ స్కాన్ తీయగల దగ్గరి ఆసుపత్రికి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. బయలుదేరే ముందు అంబులెన్సు సిబ్బందిని ఎక్కడ స్కాన్ అందుబాటులో ఉందో కనుక్కోమనండి. నొప్పి మొదలైన ఆరు గంటలలోపు తీసిన సీటీలో ఈ రక్తస్రావం దాదాపు తప్పిపోదు. ఆలస్యమైన కొద్దీ రక్తపు జాడ మసకబారుతుంది కాబట్టి, అనుమానం గట్టిగా ఉండి సీటీ మామూలుగా కనిపిస్తే, వెన్నులో సూదితో నీరు తీసి పరీక్షిస్తారు. ఆ సూదితో నడుము పడిపోతుందన్న భయంతో వద్దని సంతకం పెట్టేవారు ఉన్నారు. ఆ సూది వెన్నుపాము ముగిసిన చోటికి కింద వేస్తారు కనుక ఆ భయం అక్కరలేదు.

రక్తస్రావం తేలితే, పెద్ద సెంటరుకు పంపేటప్పుడు అక్కడి డాక్టరుతో ఇక్కడి డాక్టరే ఫోనులో మాట్లాడేలా అడగండి, స్కాన్ సీడీని వెంట తీసుకోండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు; అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి ఇంకా ఎక్కువ. అంత దూరం వెళ్లాక పడక లేదని మరో ఆసుపత్రికి తిరగడం కన్నా, బయలుదేరే ముందు పది నిమిషాలు ఫోనులో పెట్టడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. నిమ్స్, ఉస్మానియా, గాంధీ వంటి చోట్ల న్యూరోసర్జరీ విభాగాలు ఉన్నాయి. ఏ ఆసుపత్రినైనా మూడు ప్రశ్నలు అడగండి: న్యూరోసర్జన్ ఉన్నారా, కాయిలింగ్ (నాళం గుండా గొట్టం పంపి బుడగలో కాయిల్స్ అనే తీగ చుట్టలు నింపడం) చేసే క్యాథ్ ల్యాబ్ ఉందా, ఐసీయూలో పడక ఉందా.

ఖర్చు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో ఆ పథకం కింద ఉచిత చికిత్సకు ఖర్చు పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. చికిత్సకు అనుమతి ఎలా వస్తుందో, కాయిల్స్ ధర అందులో కలుస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్ మరిచిపోతే రోగిని ఆపకండి, వెనుక వచ్చేవారితో తెప్పించుకోండి.

బుడగను మూయడం

రక్తనాళాలను చూపే యాంజియోగ్రామ్‌లో బుడగ ఎక్కడ ఉందో, దాని మెడ (నాళానికి అతుక్కున్న చోటు) ఎంత వెడల్పుగా ఉందో చూసి, వీలైతే 24 గంటలలోపే దానిని మూసివేస్తారు. అంతవరకు బీపీని అదుపులో ఉంచి, నొప్పి, వాంతులు తగ్గించి, రోగిని ప్రశాంతంగా పడుకోబెడతారు. ఈ సమయంలో పది మంది చుట్టాలు మంచం చుట్టూ చేరి ఏడవకపోవడం కూడా చికిత్సలో భాగమే. మూయడానికి రెండు దారులు ఉన్నాయి. కపాలం తెరిచి బుడగ మెడకు లోహపు క్లిప్ వేయడం ఒకటి. వాల్టర్ డాండీ 1937లో దీనిని మొదట చేశారు. తొడ లేదా మణికట్టు దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి, బుడగలోపల ప్లాటినం తీగ చుట్టలు నింపడం రెండోది. రెండిటికీ తగిన 2,143 మందిపై చేసి 2002లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాది తరువాత చనిపోయినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు కాయిలింగ్‌లో 23.7 శాతం, క్లిప్పింగ్‌లో 30.6 శాతం. అయితే కాయిల్ వేసిన బుడగ కొన్నాళ్లకు మళ్లీ తెరుచుకునే అవకాశం కొంత ఎక్కువ, కాబట్టి చెప్పిన తేదీకి మళ్లీ యాంజియోగ్రామ్ తప్పక తీయించాలి. కొన్ని బుడగల స్థానం, ఆకారం బట్టి క్లిప్పే సరైనది. డాక్టరు ఒకదానిని ఎందుకు ఎంచుకున్నారో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

రక్తస్రావమైన నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు

ఆపరేషన్ అయ్యింది, కళ్లు తెరిచి మాట్లాడుతున్నాడు, ఇక ఇంటికి పంపండి అని తొందర పెట్టేది సరిగ్గా ఈ రోజుల్లోనే. చిమ్మిన రక్తం కరుగుతూ మెదడు నాళాలను చికాకుపెట్టి కుంచించుకుపోయేలా చేస్తుంది, దానితో రక్తం అందని భాగం దెబ్బతింటుంది. అందుకే నిమోడిపిన్ అనే మందును 60 మిల్లీగ్రాముల చొప్పున ప్రతి నాలుగు గంటలకు, 21 రోజులు నోటి ద్వారా లేదా ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు. రాత్రి రెండు గంటల మోతాదు కూడా పగటి మోతాదంత ముఖ్యమైనదే. ఆ మందుతో బీపీ పడిపోతే డాక్టరు మోతాదును విడదీసి ఇస్తారు గాని, మీ అంతట మీరు మానకూడదు.

మంచం దగ్గర ఉండే మనిషికి ఇక్కడ పెద్ద పాత్ర ఉంది. నిన్న పేరు పెట్టి పిలిచిన పెద్దమ్మ ఈ రోజు మత్తుగా ఉన్నా, మాట తడబడినా, చేయి బరువెక్కినా, ఉన్న ఊరు మరిచిపోయినా, తెల్లవారాక చెబుదామనుకోకుండా ఆ క్షణమే నర్సును పిలవండి. సమయానికి చెబితే బీపీ పెంచి, అవసరమైతే నాళాన్ని లోపలి నుంచి వెడల్పు చేసి కాపాడే వీలు ఉంటుంది. మత్తుకు మెదడులో నీరు పేరుకోవడమో, రక్తంలో సోడియం తగ్గడమో కారణం కావచ్చు కాబట్టి స్కాన్, రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. నీరు పేరుకుంటే గొట్టం వేసి బయటికి తీస్తారు.

ఇంటికి వచ్చాక నెలల తరబడి అలసట, మతిమరుపు, చిరాకు ఉండవచ్చు, ఇవి సోమరితనం కావు. పొలం పనికి, బండి నడపడానికి డాక్టరు సరేనన్నాకే పంపండి. వేసిన క్లిప్ లేదా కాయిల్ వివరాలు రాసిన కాగితాన్ని భద్రపరచి, ఎప్పుడు ఎంఆర్ఐ తీయించినా ముందుగా చూపించండి. బీడీ, సిగరెట్, చుట్ట పూర్తిగా మానాలి, బీపీ గోలీలు ఆపకూడదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉంటే, లేదా కిడ్నీలలో నీటి బుడగలు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉంటే, మిగిలిన వారికి లక్షణాలు లేకపోయినా ఎంఆర్ఐ యాంజియోగ్రామ్ తీయించే విషయం న్యూరోసర్జన్‌తో మాట్లాడండి.