కప్ప గెంతును ఫోనులో పట్టి, దాని ఒంటి నిర్మాణాన్ని చదవడం ఎలా?

తొలకరి పడిందంటే చాలు, కప్పల వీడియోలు వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. వాటిలో చాలావరకు ఎందుకూ పనికిరావు. అన్నీ నిలబడి పైనుంచి తీసినవే. ముందు గట్టు మీద కప్ప ఉంటుంది, తరువాత ఉండదు. మధ్యలో ఏం జరిగిందో తీసినవారికీ తెలియదు. కప్ప ఒళ్లు అలా ఎందుకు తయారైందో తెలియాలంటే దాని గెంతును పక్కనుంచి, నేల మట్టం నుంచి, నెమ్మదిగా నడిపి చూడాలి.

కావలసినవి: సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉన్న ఫోను, ఒక ఇటుక, ఒక పొడి గుడ్డ. ట్రైపాడ్ వద్దు. ఎంత పొట్టిదైనా కప్పకంటే ఎత్తే.

విజయవాడలో ఏలూరు, రైవస్, బందరు కాలువల పక్కన కప్పలు దొరుకుతాయి గానీ అక్కడ జనం ఎక్కువ. గుంటూరు జిల్లాలో నంబూరు, తెనాలి వైపు వరి పొలాల గట్లే సరైన చోటు. వాన వెలిసిన మర్నాడు ఉదయం, ఎండ చురుక్కుమనక ముందే వెళ్లాలి. రాత్రిపూట కప్పలు ఎక్కువే కనిపిస్తాయి, కానీ కరెంటు దీపం కింద తీయకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకు స్లో మోషన్‌లో వీడియోనంతా పాడుచేస్తుంది. మొదటిసారి తీసేవారు బోదురు కప్పనే ఎంచుకోండి. పెద్దది, కీళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక ఫోను పెట్టడం. అందరూ తప్పేది ఇక్కడే, అందుకే వివరంగా చెబుతాను.

పంటబోదె పక్కన కూర్చున్న కప్ప బెదిరితే సాధారణంగా నీటివైపే దూకుతుంది. కాబట్టి కప్పకూ నీటికీ మధ్య ఒక గీత ఊహించుకుని, ఫోను ఆ గీతకు సరిగ్గా పక్కన, రెండు మూరల దూరంలో ఉండేలా చూడాలి. కప్పకు ఎదురుగా పెడితే కాళ్లు ఒళ్లు చాటుకు పోతాయి, వెనక పెడితే పాదాలు తప్ప ఏమీ కనబడవు. కొంచెం ఏటవాలుగా ఉన్నా తొడ, పిక్క పొట్టిగా కనిపించి మోసం చేస్తాయి. కొంచెమే కదా అనుకోకండి, ఆ కొంచెంతోనే మొత్తం చెడుతుంది.

ఫోనును అడ్డంగా తిప్పి, లెన్సు ఉన్న మూల కిందికి వచ్చేలా ఇటుకకు ఆనించండి. మామూలుగా పట్టుకుంటే లెన్సు పైన ఉంటుంది, ఆ రెండు మూడు అంగుళాల తేడాకే కప్ప నడుము గడ్డిలో కలిసిపోతుంది. తెర మీద కప్ప ఒక చివరన ఉండాలి, దాని ముందు మూడింట రెండు వంతులు ఖాళీగా వదలాలి. కప్ప మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ స్థిరపరచండి. జూమ్ జోలికి పోవద్దు. వంగే ముందు కర్రతో గడ్డి తట్టండి, కప్పలున్న చోటికి పాములూ వస్తాయి.

ఆ తరువాత కదలకుండా కాసేపు ఆగాలి. ఇంకొకరిని కప్ప వెనకనుంచి నెమ్మదిగా నడిచి రమ్మనండి, అదే దూకుతుంది. కొందరు పుల్లతో పొడుస్తారు, ఉప్పు చల్లుతారు. కప్ప చర్మంతోనే నీరు తాగుతుంది, చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. దాని మీద ఉప్పు చల్లడం హింస. పైగా అలా బెదిరిన కప్ప వంకరగా గెంతుతుంది. ఇంకొందరు కప్పను పట్టి స్కేలుతో కాళ్లు కొలుస్తారు. దానితో కాలి పొడవు తెలుస్తుందే గానీ కాలి పని తెలియదు.

వీడియో వచ్చాక ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. కప్ప నేలను తన్నడం సెకనులో పదో వంతు దరిదాపుల్లో అయిపోతుంది. మామూలు వీడియోలో అది మూడు ఫ్రేములు, ఇందులో ఇరవైకి పైగా.

మొదట నడుము చూడండి. కూర్చున్నప్పుడు వీపు మీద కనిపించే గూని దగ్గర పొడవైన తుంటి ఎముకలు వెన్నెముకను కలుస్తాయి. గెంతేటప్పుడు ఆ గూని చదునవుతుంది, అంటే నడుము కూడా తన్నుతోందన్నమాట. తుంటికి ముందు నేటి కప్పలకు వెన్నుపూసలు తొమ్మిదికి మించవు, తోక పూసలన్నీ అతుక్కుని ఒకే కడ్డీ అయ్యాయి. మడగాస్కర్‌లో దొరికిన, సుమారు 25 కోట్ల ఏళ్ల నాటి కప్పల పూర్వ బంధువు ట్రయాడోబాట్రకస్‌కు అక్కడ 14 పూసలుండేవి, పొట్టి తోక కూడా ఉండేది. అమెరికాలోని ఆరిజోనాలో దొరికిన ప్రోసాలిరస్ అనే తొలి కాలపు కప్ప నాటికి, అంటే సుమారు 19 కోట్ల ఏళ్ల కిందటికి, పొడవైన తుంటి ఎముకలు, పొడవైన వెనక కాళ్లు వచ్చేశాయి.

తరువాత చీలమండ. తొడ, పిక్క, పాదం అని లెక్కపెట్టి ఆగిపోకండి. పిక్కకూ పాదానికీ మధ్య చీలమండ ఎముకలు రెండు సాగి, కాలికి ఇంకో మడత చేర్చాయి. ఆ మడత ఎప్పుడు తెరుచుకుంటుందో గమనించండి. మొదటి కొన్ని ఫ్రేముల్లో అది దాదాపు కదలదు. కప్ప ఇంకా మొదలుపెట్టలేదని ఆ ఫ్రేములు కత్తిరించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! అసలు సంగతి అక్కడే ఉంది. పిక్క కండరం ముడుచుకుంటూ తన స్నాయుబంధనాన్ని, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడును, ఉండేలు రబ్బరులా సాగదీస్తుంది, అది వదిలినప్పుడే చీలమండ విచ్చుకుంటుంది. 2012లో ఆస్లీ, రాబర్ట్స్ అనే పరిశోధకులు ఎక్స్‌రే వీడియోతో దీన్ని చూపించారు.

దిగడం కూడా వదలకండి. బోదురు కప్ప గాలిలోనే ముందు కాళ్లు చాచుతుంది. ఉత్తర అమెరికాలోని అస్కాఫస్ అనే ప్రాచీన జాతి కప్ప బాగానే గెంతుతుంది గానీ పొట్ట మీద పడుతుంది. అంటే కప్పలు ముందు ఎగరడం నేర్చి, పద్ధతిగా దిగడం తరువాత నేర్చుకున్నాయని అనుకోవచ్చు.

ఒంటి నిండా బుడిపెలున్న నేల కప్పను తీస్తే ఇంత గెంతు ఆశించకండి. దాని కాళ్లు పొట్టివి, చిన్న చిన్న గెంతులతో చాలా దూరం పోగలదు. దాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, చెవుల వెనక విష గ్రంథులుంటాయి. స్నానాల గది గోడ మీది చెట్టు కప్పకైతే వేళ్ల చివరి బిళ్లలనే దగ్గరగా తీయండి.

వీడియోను ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే నాణ్యత తగ్గి, ఇంత శ్రమపడి పట్టిన చీలమండ చెదిరిపోయి కనిపిస్తుంది.