పోటీకి నాలుగు వారాల ముందు షట్లర్ జిమ్ పని: బరువు ఉంచండి, సెట్లు కోయండి

బ్యాడ్మింటన్ టోర్నమెంట్ దగ్గరపడేకొద్దీ ఆటగాళ్ల జిమ్‌లో రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. కాళ్లు పట్టేస్తాయన్న భయంతో మూడు వారాల ముందే బరువులు లేపే బార్ పక్కన పెట్టేయడం ఒకటి. ఇంకా ఏదో మిగిలిపోయిందన్న కంగారుతో కొత్త ఎక్సర్‌సైజులు ఎత్తుకోవడం రెండోది. బార్ మానేస్తే స్మాష్‌కి ఎగరడంలో, నెట్ దగ్గరికి దూసుకెళ్లి వెనక్కి రావడంలో పదును తగ్గుతుంది. కొత్త పని పెడితే అలవాటు లేని కండరం 24 నుంచి 72 గంటల దాకా సలుపుతుంది, కోర్టు ప్రాక్టీసు పాడవుతుంది. ఈ నెలలో బలం పెంచాలని చూడకండి. ఉన్న బలాన్ని నిలబెడుతూ అలసటను దించితే చాలు.

ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్‌లో (చట్రంలాంటి బార్ మధ్యలో నిలబడి నేల మీంచి బరువు లేపడం) ఒక్కసారికి 100 కిలోలు లేపగల అమ్మాయిని తీసుకుందాం. వారాలను పోటీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నాలుగో, మూడో వారాల్లో: వారానికి రెండు రోజులు, 82.5 కిలోలతో 4 సెట్లు, సెట్‌కు 4 రెప్స్ (ఒక్కసారి లేపితే ఒక రెప్, ఆగకుండా చేసిన రెప్స్ కలిపి ఒక సెట్). అంటే రోజుకు 16 రెప్స్. పోటీ ముందటి రెండో వారంలో అవే 82.5 కిలోలు, 3 సెట్లు, 3 రెప్స్, మొత్తం 9. చివరి వారంలో ఒక్కరోజే, మొదటి మ్యాచ్‌కు 4 లేదా 5 రోజుల ముందు, 2 సెట్లు, 2 రెప్స్. బార్ మీద ప్లేట్లు మాత్రం మారవు. సెట్ల మధ్య 3 నిమిషాలు ఆగాలి. ప్రతి సెట్ చివర ఇంకో రెండు రెప్స్ లేపగలిగే ఓపిక మిగలాలి. ముక్కుతూ మూలుగుతూ లేపే రెప్ ఈ నెలలో ఒక్కటి కూడా వద్దు. చాలామంది ట్రైనర్లు దీన్ని తిరగేసి చేస్తారు: బరువు సగం చేసి రెప్స్ 15కి పెంచుతారు. తేలిగ్గానే కనిపిస్తుంది కానీ కాళ్లను అలసటతో నింపేది అదే.

గెంతులు కూడా ఇలాగే తగ్గాలి. జిమ్‌లో రోజుకు 60 చేయిస్తుంటే రెండో వారానికి 30, చివరి వారానికి 15. కోర్టులో జంప్ స్మాష్ డ్రిల్ ఉన్న రోజు జిమ్‌లో గెంతులు అసలే వద్దు. మోకాలికి గచ్చిబౌలి జిమ్మూ కోర్టూ వేరువేరని తెలియదు కదా.

ఎడమ మోకాలు

కుడిచేతి ఆటగాళ్లలో ఎక్కువగా గమనించాల్సింది బ్యాక్‌హ్యాండ్ మూలకు (కోర్టు ఎడమ వైపు వెనక మూల) వెళ్లి తల మీదుగా కొట్టాక ఎడమ కాలి మీద దిగే క్షణం. ఒళ్లంతా పక్కకు వాలి ఉంటుంది, బరువు మొత్తం ఒక్క కాలి మీద పడుతుంది. అప్పుడు మోకాలు లోపలికి వాలితే ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగే ప్రమాదముంది.

పరీక్ష ఇలా చేయండి. 30 సెంటీమీటర్ల పెట్టె మీంచి ఒంటికాలి మీద దిగి 2 సెకన్లు కదలకుండా నిలబడాలి. ఎదురుగా నేలమీద ఫోన్ పెట్టి వీడియో తీయండి. మోకాలు కాలి బొటనవేలు దాటి లోపలికి పోతోందా, తుంటి ఒక పక్కకు జారుతోందా చూడండి. వాలుతుంటే ముందు చీలమండ బిగుసుకుందేమో తేల్చుకోండి: గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. తగలకపోతే తుంటి కండరాలకు ఎన్ని రబ్బరు బ్యాండ్ ఎక్సర్‌సైజులు చేయించినా మోకాలు లోపలికే పోవచ్చు. చీలమండ సాగదీత మాత్రం నాలుగో వారంలోనే మొదలుపెట్టాలి, చివరి వారంలో కాదు.

మోకాలి చిప్ప కింద నొప్పి ఉన్నవాళ్లకు పూర్తి విశ్రాంతి ఇవ్వడం పొరపాటు. పనిలేని టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) కోర్టుకు తిరిగొచ్చేసరికి మరింత గోల చేస్తుంది. బదులుగా ఇది చేయించండి: మోకాళ్ల వెనక గట్టి బెల్ట్ వేసి, దాన్ని స్తంభానికి కట్టి, వెనక్కి కూర్చున్న భంగిమలో 45 సెకన్లు బిగబట్టడం, 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు పెరిగి ఉండకూడదు. పెరిగితే కోర్టులో లంజ్‌లు (పెద్ద అడుగు ముందుకేసి మోకాలు వంచడం) తగ్గించి ఫిజియోకు చూపించండి.

అలసట దిగుతోందా లేదా

యంత్రాలు లేకపోయినా ఫోన్ చాలు. రోజూ ఒకే సమయానికి, అవే బూట్లతో, వార్మప్ అయ్యాక, చేతులు నడుము మీద పెట్టుకుని మూడుసార్లు నిటారుగా ఎగరాలి. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి, కాళ్లు నేల విడిచిన ఫ్రేమ్ నుంచి తిరిగి తాకిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. 120 ఫ్రేములంటే 0.5 సెకను. ఆ కాలాన్ని దానితోనే గుణించి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది: ఇక్కడ 30.7 సెంటీమీటర్లు. ఒక్క ఫ్రేమ్ అటూ ఇటూ అయితే అర సెంటీమీటరు తేడా పడుతుంది కాబట్టి ఒక సెంటీమీటరు తగ్గిందని గాబరా పడొద్దు. రెండున్నర సెంటీమీటర్లు తగ్గి, రెండు రోజులు అలాగే ఉంటే ఆ రోజు సెట్లలో సగం కోసేయండి. గాల్లో మోకాళ్లు ముడిచి దిగితే ఫ్రేములు పెరుగుతాయి. పిల్లలు ఈ కిటుకు రెండో రోజుకే కనిపెడతారు.

ప్రాక్టీసు అయిన అరగంటకు ఎంత కష్టమనిపించిందో పదికి మార్కు అడిగి, నిమిషాలతో గుణించి రాసుకోండి. 90 నిమిషాల ప్రాక్టీసుకు 7 వేస్తే 630. చివరి వారం మొత్తం మామూలు వారంలో సగానికి అటూ ఇటూ రావాలి. కోచ్ పక్కన నిలబడి ఉండగా అడగొద్దు. కోచ్ ముందు ఎనిమిది కూడా ఐదే అవుతుంది.

దమ్ము కోసం కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తించడం చివరి రెండు వారాల్లో ఆపండి. షటిల్ ర్యాలీ సెకన్లలో ముగుస్తుంది, పరుగు పొడుగ్గా సాగుతుంది. దానికి బదులు షాడో ఫుట్‌వర్క్ (షటిల్ లేకుండా కోర్టులో ఆటలోలా అడుగులు వేయడం) 10 సెకన్లు, విశ్రాంతి 20 సెకన్లు, 12 సార్లు. ఇలాంటివి మూడు సెట్లు. చివరి వారంలో ఒక్క సెట్, అంతే వేగంతో.

చెమట

షటిల్ గాలికి కొట్టుకుపోతుందని హాల్లో ఫ్యాన్లు ఆపి తలుపులు మూస్తారు. మే నెలలో హైదరాబాద్‌లో అలాంటి హాలు ఆవిరి గదే. ఎంత తాగాలో ఊహించొద్దు, తూచండి. ఒక అమ్మాయి బరువు ప్రాక్టీసుకు ముందు 62.4 కిలోలు, 90 నిమిషాల తర్వాత చెమట తుడుచుకున్నాక 61.2, మధ్యలో తాగింది 700 మిల్లీలీటర్లు అనుకుందాం. పోయిన చెమట 1.9 లీటర్లు, గంటకు దాదాపు 1.3. ఒంటి బరువులో 2 శాతం, అంటే ఈ లెక్కన 1.25 కిలోలు మించి తగ్గకుండా చూసుకోవాలి. ఈ అమ్మాయి అంచున ఉంది. లీటరు నీళ్లలో నిమ్మరసం, 60 గ్రాముల చక్కెర, పావు టీస్పూన్ ఉప్పు కలిపి గుక్కలు గుక్కలుగా తాగించండి. పోయిన దానికంటే ఎక్కువ తాగించడం కూడా ప్రమాదమే.

జనవరిలో ఢిల్లీలో జరిగే ఇండియా ఓపెన్‌కు సమస్య తలకిందులవుతుంది. అక్కడ చలి. వార్మప్ మామూలుకన్నా పదినిమిషాలు పొడిగించి, మ్యాచ్ పిలిచేదాకా ట్రాక్ ప్యాంటు విప్పనివ్వొద్దు.

మ్యాచ్ ముందు తిండిలో ప్రయోగాలు వద్దు: ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు. బిర్యానీ టోర్నమెంట్ అయ్యాక. కొత్త సప్లిమెంట్ డబ్బా ఎవరిచ్చినా తీసుకోవద్దు. డోపింగ్ పరీక్షలో పట్టుబడితే నిషేధం పడేది ఆటగాడి మీదే.

ఎల్‌బీ నగర్ నుంచి గచ్చిబౌలి వచ్చేవాళ్లు గంటన్నర కారులో ముడుచుకుని కూర్చుంటారు. దిగగానే బార్ దగ్గరికి పంపొద్దు. ఐదు నిమిషాల నడక, తుంటి కదలికలు, ఖాళీ బార్‌తో రెండు సెట్లు అయ్యాకే ప్లేట్లు ఎక్కించాలి.

మొదటి రౌండ్‌లోనే ఓడి ఇంటికొస్తే రెండు రోజులాగి నాలుగో వారం లెక్కతో మళ్లీ మొదలుపెట్టండి. ఫైనల్ దాకా వెళ్తే చివరిసారి బార్ పట్టి పది రోజులవుతుంది. అందుకే వారం మధ్యలో మ్యాచ్ తొందరగా ముగిసిన రోజు హోటల్ జిమ్‌లో ఉన్న డంబెల్స్‌తో 2 సెట్ల స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి కిందికి దిగి లేవడం), కాలికి 3 రెప్స్, ఆపైన ఐదు గెంతులు చేయించండి. పావుగంట పని.