పత్తి మందుకు డ్రోన్ లేపేముందు

దేవరకొండ దిక్కు మందు కొట్టుడు షురూ అయితుంది, డ్రోన్ ఉన్న తమ్ముళ్లు జర ఇవి చూస్కోండ్రి.

జోన్ మ్యాప్, అంటే డ్రోన్ యాడ ఎగరేయొచ్చో చూపెట్టే సర్కారు మ్యాప్, ఏ రోజుకారోజు చూడుండ్రి. నిన్న గ్రీన్ (పర్మిషన్ అక్కర్లేనిది) ఉన్నది ఇయ్యాల 96 గంటల దాక టెంపరరీ రెడ్ జోన్ (పర్మిషన్ లేకుంట ఎగరేయరానిది) కావచ్చు, డ్రోన్ రూల్స్ 2021 తప్పితే లక్ష దాక ఫైన్, సీజన్ కమాయంత అండ్లనే పోతది.

సెకండ్ హ్యాండ్ల కొన్నోళ్లు యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబర్) మీ పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ చేపిచ్చుకోండ్రి, లేకుంటే కాయిదాల మీద అది ఇంక పాతోనిదే.

పైలట్ సర్టిఫికెట్ ఎగిరేసెటోనికి ఉండాలె, ఓనర్‌కుంటె సరిపోదు. మా బామ్మర్ది ఊకె రిమోట్ గుంజుకుంటడు, నేనియ్య.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తారీఖు సూడుండ్రి, పక్క చేన్ల కూలోళ్లుంటరు.

గ్రీన్ జోన్ల గూడ 400 అడుగులే. మందుకు గంత ఎత్తు ఎవడు పోతడు, గని కొత్తోళ్లు వీడియోల కోసం పోతరు.