ఇంట్లో రెండవ రౌటర్ – 3వ పాఠం: ఐపీ అడ్రస్‌లు ఇచ్చేది ఒక్కటే ఉండాలి

గత పాఠంలో కింది అంతస్తులోని ప్రధాన రౌటర్ నుంచి మేడ మీది గదికి కేబుల్ లాగడం పూర్తిచేశాం. ఇప్పుడు ఆ కేబుల్ చివర పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే ప్రధాన రౌటర్ నెట్‌వర్క్‌నే వైఫైగా అందించే పరికరంగా, అమర్చుదాం. దాని మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్నే ఎంచుకోండి. లేనివారికి ఈ పాఠం.

ఫోన్ వైఫైలో చేరగానే దానికొక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే సంఖ్య) ఇచ్చి, ఇంటర్నెట్‌కు దారి చూపే గేట్‌వే ఏదో చెప్పేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. రెండు రౌటర్లలోనూ అది నడుస్తుంటే, ఫోన్ సాధారణంగా ముందు జవాబిచ్చినదాని మాటే వింటుంది. రెండవ రౌటర్ తానే గేట్‌వేనని చెప్పిందంటే, దాని వెనుక ఇంటర్నెట్ లేదు కనుక, వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. మరికాసేపటికి అదే ఫోన్ చక్కగా పనిచేయవచ్చు. ఇలా వచ్చిపోయే లోపం వల్లే అనుమానం కేబుల్ మీదికి పోతుంది; నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు బాగున్న కనెక్టర్లను రెండుసార్లు కోసి మళ్లీ బిగించాను.

కేబుల్‌ను అప్పుడే తగిలించకండి. రెండవ రౌటర్‌ను రీసెట్ చేసి, ల్యాప్‌టాప్‌ను దాని లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టు) కలిపి, అడుగున లేబుల్‌పై ఉన్న అడ్రస్‌తో సెట్టింగ్స్ తెరవండి. ప్రధాన రౌటర్ 192.168.1.1 అయి, అది 192.168.1.100 నుంచి 199 వరకు అడ్రస్‌లు పంచుతుంటే, రెండవదాని లాన్ ఐపీని 192.168.1.2గా మార్చండి. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి, వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం కింది రౌటర్‌లో ఉన్నట్లే పెట్టండి. రెండు వైఫైలూ ఒకదానికొకటి అడ్డురాకుండా, 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద ఛానెల్ 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ ఎంచుకోండి. డీహెచ్‌సీపీని ఆపడం చివరి పని. ముందే ఆపితే, ఐపీ మార్చాక ల్యాప్‌టాప్‌కు అడ్రస్ దొరకక మళ్లీ లోపలికి వెళ్లడం కష్టమవుతుంది.

ఇక కేబుల్‌ను వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉన్న పోర్టు) కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. వాన్‌లో పెడితే మేడ మీద వేరే నెట్‌వర్క్ ఏర్పడుతుంది; అక్కడ డీహెచ్‌సీపీ ఆపేశాం కనుక ఫోన్‌కు అడ్రస్ దొరకదు, కింద ఉన్న ప్రింటర్ కూడా పైనున్న ల్యాప్‌టాప్‌కు తనంతట తాను కనిపించదు.

చివరగా మేడ మీద ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే చూడండి. అక్కడ 192.168.1.1 ఉండాలి, 192.168.1.2 కనిపిస్తే రెండవ రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఇంకా నడుస్తున్నట్లే.