సాస్కటూన్ చలిలో కారు స్టార్ట్ అవ్వాలంటే

కెనడాలోని సాస్కటూన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకి ఒక మాట. ఇక్కడ జనవరిలో మైనస్ 30 కొత్తేం కాదు, ఒక్కోసారి మైనస్ 40 దాకా పోతుంది. ఆ చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడిపోతుంది, బ్యాటరీలో బలం తగ్గుతుంది. నా మొదటి చలికాలంలో ఓ పొద్దున తాళం తిప్పితే నాలుగుసార్లు మూలిగి ఆగిపోయింది. ఆ రోజు డ్యూటీ పోయింది.

ఇక్కడి కార్లలో చాలావాటికి ముందు గ్రిల్ దగ్గర మూడు పిన్నుల ప్లగ్ ఒకటి కనిపిస్తుంది. అది బ్లాక్ హీటర్‌ది, అంటే కారు ఆగి ఉన్నప్పుడు కరెంటుతో ఇంజిన్‌ని వెచ్చబరిచే పరికరానిది. మైనస్ 15 కంటే కిందికి వెళ్తే దాన్ని కరెంటుకి తగిలించండి. రాత్రంతా అక్కర్లేదు, బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు. ఆరుబయట వాడే టైమర్ ఒకటి కొని తెల్లవారుజామున మూడింటికి పెట్టుకుంటే కరెంటు ఆదా. ఎక్స్‌టెన్షన్ వైరు కూడా చలికి తట్టుకునేదే తీసుకోండి. ఇంట్లో వాడేది కర్రలా బిగుసుకుపోయి, వంచితే పగులుతుంది.

వైరుని డ్రైవర్ వైపు అద్దానికి ఒక చుట్టు చుట్టి ఉంచండి. హడావిడిలో ప్లగ్ తీయకుండా కారు వెనక్కి తీసి వైరు తెంపుకునేవాళ్లు ఉంటారు. అద్దం మీద కనిపిస్తే మర్చిపోరు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు బ్లాక్ హీటర్ పనిచేస్తుందో లేదో అడగండి. అద్దెకి ఇల్లు చూసేటప్పుడైతే, పార్కింగ్ దగ్గర ప్లగ్ పాయింట్ ఉందా అన్నది వంటగదికంటే ముందు చూడండి.