పెరిగే ఊరిని చదవడం – 3వ పాఠం: నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి?

నీళ్లు వచ్చే చోటు నుంచి చివరి కుళాయి దాకా నడిచి, దారంతా కాగితం మీద గీసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీయండి. ఇవాళ దాని మీద అంకెలు వేద్దాం.

కాలనీ తరఫున మీటింగుకు వెళ్తే ముందుగా వినిపించే మాట, "రోజుకు ఇన్ని లక్షల లీటర్లు ఇస్తున్నాం కదా!" అని. అంకె నిజమే కావచ్చు. కానీ అది సగటు. జనం సగటు ప్రకారం స్నానాలు చేయరు, అందరికీ పొద్దున్నే తొందర.

జనాభా 20,000, మనిషికి 100 లీటర్లు అనుకుందాం. రోజుకు 20 లక్షల లీటర్లు. 24 గంటలకు పంచితే గంటకు సుమారు 83 వేలు. రద్దీ గంటల్లో వాడకం సగటుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. రెండున్నర రెట్లు వేసుకున్నా గంటకు 2 లక్షలు దాటుతుంది. అంత పెద్ద పంపు అక్కర్లేదు. పంపు రోజంతా ఒకే తీరున తోస్తుంటే, రాత్రి మిగిలిన నీళ్లను ఓవర్‌హెడ్ ట్యాంకు దాచిపెట్టి పొద్దున వదులుతుంది.

ఇక లీకేజీ. దారిలో 30 శాతం పోతోందని తెలిస్తే చాలామంది 20 లక్షలకు 30 శాతం కలిపి 26 లక్షలు పంపిస్తే చాలంటారు. తప్పు. 26 లక్షల్లో 30 శాతం పోతే ఇళ్లకు చేరేది 18 లక్షల 20 వేలే. 20 లక్షలను 0.7తో భాగించాలి, అప్పుడు దాదాపు 28 లక్షల 60 వేలు వస్తుంది. ఈ ఒక్క లెక్క వచ్చినా మీటింగులో మీ మాట వినే తీరు మారుతుంది.

ఇప్పుడు అసలు పని, ఇరుకు ఎక్కడుందో పట్టుకోవడం. తెల్లవారుజామున ట్యాంకు మట్టం చూడండి. రాత్రంతా వాడకం లేకపోయినా ట్యాంకు నిండలేదా? అయితే పంపునో, నీటి వనరునో, లీకేజీనో అనుమానించాలి. నిండింది కానీ రద్దీ సగంలోనే అడుగంటిందా? దాచుకునే చోటు చాలట్లేదు. ట్యాంకులో నీళ్లుండగానే చివరి ఇళ్లకు రావట్లేదా? పైపు సన్నగా ఉంది, లేదా ఎక్కడో వాల్వు సగం మూసి ఉంది, లేదా ఆ ఇళ్లు ఎత్తులో ఉన్నాయి. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కంటే 10 మీటర్లు పైనుంటే దక్కే ప్రెషర్ సుమారు 1 బార్ (బార్ అంటే ప్రెషర్‌ను కొలిచే యూనిట్), అదీ నీళ్లు కదలనప్పుడు. పైపులో పారుతుంటే రాపిడికి కొంత పోతుంది.

ఇలా చూడకుండా "ఇంకో ట్యాంకు కట్టండి" అని అర్జీ పెట్టడం నాకు నచ్చదు. ట్యాంకు కంటికి కనిపిస్తుంది, శంకుస్థాపనకూ బాగుంటుంది. పైపు మట్టిలో ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ అడగరు.

పైపు మార్చాల్సి వస్తే సైజు దగ్గర పట్టుబట్టండి. వాలు, ప్రెషర్ అవే అయితే 150 మిల్లీమీటర్ల పైపు కంటే 200ది రెండు రెట్లకు పైగా నీళ్లు మోస్తుంది. సైజు ఏదైనా రోడ్డు తవ్వాల్సిందే, మళ్లీ పూడ్చాల్సిందే. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక లండన్‌లో కొత్త మురుగు కాలువలకు పార్లమెంటు ఒప్పుకుంది. ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ అప్పటి జనాభాను మించి సైజు పెట్టి కట్టించాడు. వాటిలో చాలా భాగం ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇంటి పని: జనాభా 30,000, మనిషికి 100 లీటర్లు, లీకేజీ 25 శాతం. వనరు దగ్గర రోజుకు ఎన్ని లక్షల లీటర్లు తోడాలి? 37.5 అని వస్తే లీకేజీ పేరా మళ్లీ చదవండి. తర్వాత మూడు రోజులు తెల్లవారుజామున ఒకసారి, రద్దీ తగ్గాక ఒకసారి ట్యాంకు మట్టం రాసుకోండి. ఇళ్లకిచ్చిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. 4వ పాఠం దాని గురించే, అప్పుడు ఈ అంకెలు మళ్లీ కావాలి.